మడమ నేలకి ఆనేదాకా

మా అమ్మాయి కొట్టినన్ని దెబ్బలు నన్ను ఈ జన్మలో ఇంకెవరూ కొట్టలేదు. దానికి ఇంకా మూడేళ్లు నిండలేదు. ముక్కు మీద, దవడ మీద, డొక్కలో, ఒకసారి సరిగ్గా కంటి కింద. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. మనిషి దేశంలోనే లేడు, నా మొహం మాత్రం ఎప్పుడూ కమిలి ఉండేది. మలికిపురం దగ్గర ఒక ప్రైవేటు బడిలో నేను తెలుగు చెబుతాను. అక్కడి టీచర్లు కొన్నాళ్లు నా గురించి రకరకాలుగా అనుకున్నారు. చివరికి లెక్కల మేడం ధైర్యం చేసి అడిగేసింది.

"ఏమీ అనుకోకండి మేడం. మీవారు అక్కడున్నారు కదండీ. మరి మిమ్మల్ని కొట్టేది ఎవరండీ?"

"మా పాపండి," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. ఇంటికి తీసుకెళ్లి కమ్మీ బూట్లు చూపించాక నమ్మింది. రెండు బుల్లి తోలు బూట్లు, వాటిని కలుపుతూ అడుగున అడ్డంగా ఒక స్టీలు కమ్మీ. పిల్ల పడుకునే ముందు రెండు పాదాలూ అందులో పెట్టి పట్టీలు బిగించాలి. ఒక కాలు ఎత్తాలంటే రెండోదీ ఎత్తాల్సిందే. నిద్రలో రెండూ కలిపి ఎత్తి ధబీమని పడేస్తే, పక్కన పడుకున్నవాళ్ల మొహం ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు కాస్త ఊపిరి తీసుకునే స్థితికి వచ్చాను కాబట్టి ఇదంతా రాస్తున్నాను. ఇలాంటి పిల్లలున్న ఇళ్లలో పైకి ఎవరూ చెప్పనిది ఒకటుంది. జబ్బు పిల్ల కాలికే ఉంటుంది గానీ, కొట్లాట ఇంటిల్లిపాదికీ పాకుతుంది. మా ఇంట్లో రక్తం కారేదాకా వెళ్లింది.

వానలు మొదలైన వారం

మోక్షిత రాజోలులో పుట్టింది. నర్సు పిల్లను గుడ్డలో చుట్టి తెచ్చి మా అత్తయ్యగారి చేతుల్లో పెట్టింది. ఆవిడ గుడ్డ తొలగించి పిల్లని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, కుడి పాదం దగ్గర ఆగిపోయారు. అరికాలు పూర్తిగా లోపలికి తిరిగిపోయి, ఎడమ కాలి వైపు చూస్తోంది. మడమ కిందికి దిగకుండా పిక్కలోకి ఎక్కి కూర్చుంది.

అత్తయ్యగారు బల్ల మీద కూలబడ్డారు. "కుర్చీలో కాలు మీద కాలేసుక్కూచోవద్దమ్మాయ్ అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేను. విన్నావా నువ్వు?" అన్నారు.

కుట్లు లాగుతున్నాయి. ఒళ్లంతా పచ్చి పుండులా ఉంది. పక్కన ఎవరో పెట్టిన స్టీలు గ్లాసు చేతికందితే తీసి గోడకేసి కొట్టాను. అందులో పాలున్నాయి. గోడ మీదినుంచి కారుతున్న పాలవంక చూసి అత్తయ్యగారు గట్టిగా ఏడవడం మొదలుపెట్టారు. పిల్ల కాలికేసి చూస్తూ ఇద్దరం చెరోవైపు తిరిగి ఏడ్చాం. మాకు పిల్ల పుట్టిన సంబరం అదీ.

ఇంటికి రాగానే పసిపిల్లలకి నీళ్లు పోసే సత్యవతమ్మని పిలిపించారు. మా వీధిలో పిల్లలందరూ ఆవిడ కాళ్ల మీద స్నానం చేసినవాళ్లే. పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, వాటి మీద పిల్లని బోర్లా వేసుకుని ఒళ్లంతా నూనె పట్టించింది. కుడి పాదం పట్టుకుని, "ఏం ఫర్వాలేదండీ, రోజూ నాలుగు లాగులు లాగితే అదే దారికొస్తాది," అంటూ మెలి తిప్పి లాగింది. పిల్ల నోరు తెరిచింది గానీ శబ్దం బయటికి రాలేదు. మొహం నల్లబడింది. నేను వెళ్లి సత్యవతమ్మని రెండు చేతులతో ఒక్క తోపు తోశాను. ఆవిడ నీళ్ల బకెట్టు మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. పెద్దమనిషి, మంచి మనిషి. అయినా ఆ క్షణంలో నాకు ఆవిడ మొహం కనిపించలేదు, పిల్ల నోరే కనిపించింది.

ఆ మర్నాడే పిల్లని ఎత్తుకుని అమలాపురం బస్సెక్కాను.

సిమెంటు కట్లు

ఎముకల డాక్టరుగారు వయసులో చిన్నవాడే. మాట తక్కువ. పిల్ల పాదాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ కదిపి చూసి, "నయమవుతుందండీ," అన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఆయన టేబులు మీద తల పెట్టుకుని ఏడ్చాను. వారం వారం తొడ దాకా సిమెంటు కట్టు వేస్తూ, ప్రతిసారీ పాదాన్ని కొంచెం బయటికి తిప్పుతూ వస్తారట. చివర్లో మడమ వెనక బిగుసుకున్న నరాన్ని చిన్నగా కోస్తారట. ఆ తర్వాత బూట్లు.

వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూశారా. ఆ కట్లు వేసే గదిలోకి ఎవరైనా ఒక్కసారి వచ్చి నిలబడితే తెలుస్తుంది. తల వైపు నేను, నడుం దగ్గర ఆస్పత్రి ఆయమ్మ, పాదం దగ్గర డాక్టరుగారు. ముగ్గురం కలిసి అరచెయ్యంత పిల్లని బల్లకి అదిమి పట్టేవాళ్లం. అది నా మెడ మీద గోళ్లతో రక్కేది. దాని అరుపు బయట వరండాలో వినబడుతుంటే, తమ వంతు కోసం కూర్చున్న పిల్లలు కూడా మొదలుపెట్టేవాళ్లు. ఒకరి ఏడుపు ఒకరికి అంటుకుని వరండా దద్దరిల్లేది. తల్లులందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా గోడలకేసి చూసేవాళ్లం.

ఆ వరండాలోనే మార్తగారు పరిచయమయ్యారు. రాజోలు అవతల అంగన్‌వాడీలో పనిచేస్తారు. వాళ్ల అబ్బాయి జోయెల్‌కి రెండు పాదాలూ అలాగే. మాకంటే ఏడాది ముందున్నారు. మొదటిరోజు నేను లోపలినుంచి బయటికి వచ్చేసరికి నా జడ విడిపోయి, జాకెట్టు చిరిగి ఉంది. ఆవిడ ఏమీ అడగలేదు. తన పైట పిన్ను తీసి నా భుజం మీద పెట్టి, "వచ్చే వారం చుడీదారు వేసుకు రండి. ఇక్కడికి చీరలు పనికిరావండి," అన్నారు. ఆ గదికి వెళ్లేవాళ్లకి అంతకంటే పనికొచ్చే సలహా నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

బస్సులో ఇంకో నరకం. కట్టుతో ఉన్న కాలు చూడగానే ప్రతివాళ్లకీ ఏదో ఒకటి అనాలనిపిస్తుంది. పాశర్లపూడి వంతెన మీద ఒక పెద్దాయన పక్క సీటులోంచి వంగి, "ఆడపిల్లకి ఇలా అయితే రేపు ఎవరు చేసుకుంటారమ్మా," అన్నాడు. ఆయన ఒళ్లో సంచినిండా అరటిపళ్లు. ఆ సంచి తీసుకుని కిటికీలోంచి గోదాట్లోకి విసిరేశాను. ఆయన కాసేపు నీళ్లకేసి చూసి, "తప్పేనమ్మా, అనకూడదు," అని ముందు సీటులోకి వెళ్లిపోయాడు. మా కోనసీమలో ఇంత జరిగినా మర్యాద తప్పరు.

కట్లయ్యాయి. నరం కోయడం అయింది. బూట్లు చేతికిస్తూ డాక్టరుగారు ఆ రోజు కాస్త ఎక్కువే మాట్లాడారు. "పాదం తిప్పడం నా పనండి. తిప్పినదాన్ని అలాగే నిలబెట్టడం మీ పని. కొన్ని నెలలు రోజంతా, తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా పడుకున్నప్పుడల్లా ఈ బూట్లు ఉండాల్సిందే. జాలిపడి తీసేరనుకోండి, పాదం ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడికే పోతుందండి."

"ఆయ్, అలాగేనండీ," అన్నాను. చిన్న పనే కదా అనుకున్నాను.

కమ్మీతో కాపురం

మొదటి వారం మా ఇంట్లో ఎవరూ పడుకోలేదు. పట్టీలు బిగించగానే అది విల్లులా వంగిపోయేది. రెండు కాళ్లూ ఎత్తి మంచానికేసి దబదబా బాదేది. మంచం కోడు చిట్లింది. టీవీ అద్దం పగిలింది. నా కింది పెదవి రెండుసార్లు చిట్లింది. నేను దాని తొడల మీద మోకాలు ఆనించి పట్టీలు వేస్తుంటే అత్తయ్యగారు వీధరుగు మీదికి వెళ్లి చెవులు మూసుకునేవారు. "కన్నతల్లివా రాక్షసివా. పిల్లకి బేడీలేస్తున్నావు," అని అక్కడినుంచే అరిచేవారు. నేను లోపలినుంచి అరిచేదాన్ని. మధ్యలో పిల్ల అరిచేది. మా పక్కింటివాళ్లు పాపం కిటికీలు వేసేసుకునేవాళ్లు.

ఆ రోజుల్లో పిల్లని కొట్టాలనిపించేది. నిజం చెబుతున్నాను. చెయ్యెత్తి దించుకున్న సందర్భాలు ఉన్నాయి. అలాంటప్పుడు పిల్లని అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్లి, మూల పడున్న ఎండు కొబ్బరిమట్ట తీసుకుని చెట్టుకేసి అది ముక్కలయ్యేదాకా బాదేదాన్ని. ఇది చదువుతున్న మీకూ అలా అనిపిస్తుంటే మీరేమీ చెడ్డవాళ్లు కాదు. ఒక మట్ట వెతుక్కోండి.

నెమ్మదిమీద అలవాటు పడింది. రెండో ఏడు దసరా సెలవుల్లో, ఒక ఉదయం గుమ్మం పట్టుకుని లేచి నిలబడి, వదిలేసి, నా వైపు తప్పటడుగులు వేసుకుంటూ వచ్చింది. కుడి మడమ నేలకి ఆనింది. నేను వంగి, నేల మీద చెంప పెట్టి మరీ చూశాను. ఆనింది.

అత్తయ్యగారు కూడా చూశారు. మేమిద్దరం పిల్ల పుట్టాక మొదటిసారి ఒకరినొకరు పట్టుకున్నాం. "అడుగులకి అరిసెలు చెయ్యాలమ్మాయ్. వాడొచ్చేదాకా ఆగుదాం. ఊరంతా పంచుదాం," అన్నారు. పిల్లలు తొలి అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద నడిపించి, వీధిలో పంచడం మాలో ఆనవాయితీ. మా ఆయనకి కార్తీకమాసంలో సెలవు దొరుకుతుందన్నారు.

ఆయన వచ్చిన కార్తీకం

ఆయన పిల్లని ఫోనులో తప్ప ఎప్పుడూ చూడలేదు. వచ్చిన మొదట్లో అది ఆయన్ని చూసి నా కొంగులో దూరేది. తర్వాత ఆయన చంక దిగలేదు. ఆయన తింటుంటే కంచంలో చెయ్యి, ఆయన గడ్డం గీసుకుంటుంటే మొహానికి నురగ. చూడటానికి ముచ్చటేసేది. నిద్రలేక నా కళ్ల కింద పడ్డ గుంటలు చూసి ఆయన అన్నారు, "సుజా, నేనున్న ఈ నాల్రోజులూ నువ్వు పక్క గదిలో పడుకో. బూట్ల సంగతి నేను చూసుకుంటాను."

నేను పడుకున్నాను. ఏడాదిన్నర నిద్ర బాకీ. చచ్చినట్టు పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే పిల్ల కాళ్లకి బూట్లు ఉండేవి. ఏడుపు వినిపించేది కాదు. తండ్రి చేతిలో ఏ మహత్తు ఉందో అనుకున్నాను. పగలు అది పరిగెడుతూ పడిపోతుంటే, పరిగెత్తే పిల్లలు పడకేం చేస్తారు అనుకున్నాను.

ఆయన వచ్చిన మూడు వారాలకి, అరిసెలకి వీధివాళ్లందరినీ పిలిచాం. మార్తగారు జోయెల్‌ని తీసుకుని వచ్చారు. సత్యవతమ్మ కూడా వచ్చింది, మోచేతి మీద గీత మానింది. హాల్లో తెల్ల పంచె పరిచి, దాని మీద అప్పుడే నూనె వత్తిన అరిసెలు మెత్తమెత్తగా వరసగా పేర్చారు. మోక్షికి ఎర్ర పట్టులంగా కట్టాను. ఆయన ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని నడిపించాం. అందరూ చప్పట్లు కొట్టారు. అది కిచకిచమని నవ్వుతూ అడుగులేసి, నాలుగైదు అరిసెలు దాటాక కుడి పక్కకి ఒరిగి బొక్కబోర్లా పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే ఎత్తుకోబోయి పంచె మీదికి చూశాను.

ఎడమ పాదం నొక్కిన అరిసెల మీద అరికాలు మొత్తం దిగింది. కుడి పాదం నొక్కినవాటి మీద వేళ్లూ, పాదం బయటి అంచూ మాత్రమే ఉన్నాయి. మడమ లేదు.

పిల్లని తిప్పి, లంగా ఎత్తి, పాదం చేత్తో పట్టుకున్నాను. మడమ కిందికి దిగలేదు. ఎంత నొక్కినా దిగలేదు.

"ఏవండీ," అన్నాను, "రాత్రిళ్లు దీనికి బూట్లు వేస్తున్నారా అండీ?"

ఆయన తల దించుకున్నారు.

"మిమ్మల్నే అండీ."

"ఏడుస్తంటే చూళ్లేకపోయేను సుజా," అన్నారు. తల దించుకునే ఉన్నారు. "నువ్వు పడుకున్నాకా తీసేసేవోణ్ణి. నువ్వు లేచేముందు మళ్లీ పెట్టేసేవోణ్ణి. ఉండేదే నాల్రోజులు కదా, నా చేత్తో దానికి బేడీలెయ్యడం నా వల్ల కాలేదు."

"ఎప్పట్నించండీ?"

"వచ్చిన కాణ్ణుంచీ."

బూట్లు కిటికీ గూట్లో ఉన్నాయి. ఎలా తీశానో తెలియదు. కమ్మీ మధ్యలో పట్టుకుని తిప్పి కొట్టాను. బూటు పట్టీ ఇనప కొక్కెం ఆయన నుదుటికి తగిలింది. చర్మం చిట్లి, రక్తం కనుబొమ్మ మీదినుంచి అరిసెల మీద పడింది. ఇంకోటి కొట్టాను. భుజానికి తగిలింది. ఆయన నా చెంప మీద లాగి కొట్టారు. అత్తయ్యగారు వెనకనుంచి నా జడ పట్టుకుని నేలకి లాగారు. నేను పడుతూ పడుతూ కమ్మీ వదల్లేదు, ఆవిడ మోకాలికి తగిలించాను. ఎవరో కేకలు వేస్తున్నారు. ఎవరివో కాళ్లు పంచె మీద పడి అరిసెలు ముద్దయిపోయాయి. అంత గోలలోనూ మార్తగారు ఒక్కరే చెయ్యాల్సిన పని చేశారు. మోక్షిని చంకనేసుకుని, జోయెల్ చెయ్యి పట్టుకుని, పెరటి గుమ్మంలోంచి కొబ్బరితోటలోకి వెళ్లిపోయారు.

కొట్టినందుకు నాకు బాధ లేదు. పిల్ల కళ్ల ముందు జరిగినందుకు ఉంది. అది చాలా రోజులు ఎరుపు రంగు చూస్తే ఉలిక్కిపడేది.

పక్క వీధి ఆరెంపీ డాక్టరు ఆయన నుదుటికి కుట్లు వేశాడు. ఎలా తగిలిందంటే ఆయన, "కొబ్బరిమట్ట పడిందండి," అన్నారట. మా ప్రాంతంలో ఆ అబద్ధాన్ని ఎవరూ కాదనరు.

మళ్లీ ఆ గదిలోకి

అమలాపురం బస్సులో ఆయనా, అత్తయ్యగారూ, నేనూ మూడు సీట్లలో కూర్చున్నాం. పిల్ల ఒకరి ఒళ్లోంచి ఇంకొకరి ఒళ్లోకి మారుతూ వచ్చింది.

డాక్టరుగారు పాదం పట్టుకుని కిందికి నొక్కి చూశారు. ఆయన దవడలు బిగుసుకోవడం నాకు కనబడింది. తర్వాత మా ఆయన నుదురు చూశారు.

"అదేంటండీ?"

"కొబ్బరిమట్టండి."

"మట్టకి కొక్కేలుంటాయాండీ?" అన్నారు. పట్టీ ముద్ర అలా అచ్చుపడి ఉంది మరి. ఆ తర్వాత ఆయన గొంతు పెంచగా నేను మొదటిసారి విన్నాను. "మీరిద్దరూ ఏమైనా చేసుకోండి. తన్నుకోండి. ఈ పిల్ల కాలు మీ ప్రేమకి ఆటబొమ్మ కాదండి. ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చేం. ఎముక అప్పటంత మెత్తగా లేదు. ఈసారి పూర్తిగా వస్తుందని నేను మాటివ్వలేను."

నేను ఎప్పటిలా పిల్ల తల దగ్గరికి వెళ్లబోతే ఆపేశారు. "మీరు బయట కూర్చోండమ్మా. ఈయన పట్టుకుంటారు."

తలుపు వేసేశారు. వరండాలో అత్తయ్యగారూ నేనూ బల్లకి చెరో చివర కూర్చున్నాం. లోపల అరుపు మొదలైంది. ఇప్పుడది నెలల పిల్ల కాదు, మాటలొచ్చిన పిల్ల. "నాన్నా వద్దూ, నాన్నా వద్దూ" అని అరుస్తోంది. అత్తయ్యగారు మెల్లగా జరిగి జరిగి నా పక్కకి వచ్చారు. నా చెయ్యి పట్టుకుని గోళ్లు దిగేలా నొక్కారు. నేను లాక్కోలేదు.

"ఏడాదంతా నువ్వు వింటున్నది ఇదేనా అమ్మాయ్?" అన్నారు.

"ఇదేనండి."

"నేను అరుగు మీద కూచునేదాన్ని."

"అవునండి."

ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

తలుపు తెరుచుకున్నప్పుడు ఆయన షర్టు చిరిగి ఉంది. బొటనవేలి కింద పళ్ల గాట్లు, వాటిలోంచి రక్తం. అది కొరికి పట్టుకుంటే ఆయన చెయ్యి తీయలేదని ఆయమ్మ చెప్పింది. చెయ్యి తీస్తే కాలు కదులుతుందని అలాగే ఉంచేశారట. ఆయన వరండా గోడకి నుదురు ఆనించి నిలబడ్డారు. కుట్లు ఉన్న నుదురే. నేను నా చున్నీ చించి ఆయన చేతికి కట్టాను. అంతకంటే ఆ రోజు నాకు ఏమీ చేతకాలేదు. ఇంకా కోపంగానే ఉంది.

మార్తగారు ఆ వారం అక్కడికి వచ్చారు. జోయెల్‌కి చిన్నవైపోయిన బూట్లు మాకోసం తుడిచి తెచ్చారు. చేతిలో పెడుతూ నా చెవిలో అన్నారు, "ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. అంత కోపంలో కూడా ఆయన్ని అండీ, అండీ అనే కొట్టేరేంటండీ?" నేను నవ్వాను. వరండాలో అందరూ చూసేలా, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వాను.

ఆయన సెలవు పెంచుకున్నారు. ప్రతి వారం ఆయనే పట్టుకున్నారు. మడమ నరం మళ్లీ కోయించిన రోజు కూడా ఆయనే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లారు. తొడ దాకా కట్టుతో ఉన్న పిల్లని నా చేతికిచ్చి బయల్దేరే రోజు, సూట్‌కేసు మీద కూర్చుని, "నేను లేకపోతేనే దానికి మంచిదేమో సుజా," అన్నారు.

"మీరు లేకపోవడం మంచిదని ఎవరన్నారండీ? బూట్లు తీయకుండా ఉండటం మంచిది," అన్నాను. ఆయన తలూపి ఆటో ఎక్కారు.

ఇప్పుడు

ఆఖరి కట్టు తీశాక డాక్టరుగారు, "మడమ దిగిందండి. కానీ రెండుసార్లు కోసిన నరం. కాల్లో బలం మాత్రం పిల్లే తెచ్చుకోవాలి. రాకపోతే మూడేళ్లు దాటాక పెద్ద ఆపరేషన్ తప్పదండి," అన్నారు. ఆ మాట పట్టుకుని ఏడాదిపైన గడిపాం. కుడి పిక్క ఎడమదానికంటే సన్నంగా ఉండేది. నేను అరచెయ్యి పెట్టి తోయమంటే ఊరికే ఆనించేది. తోసేది కాదు. నేలకి ఆనిన మడమ చూసి సంతోషించాలో, ఆ బలం లేని కాలు చూసి ఏడవాలో తెలిసేది కాదు.

బూట్ల బాధ్యత అత్తయ్యగారు తీసుకున్నారు. ఇప్పుడు మోకాలు ఆనించి పట్టీలు బిగించేది ఆవిడే. నా బిగింపు చాలదని నన్ను తిడతారు. మొన్న వాళ్ల పినతల్లి కూతురు చూడ్డానికొచ్చి, "పాపం, పిల్లకి ఈ బేడీలేంటక్కా, ఈ ఒక్కరోజుకీ తీసెయ్యొచ్చుగా," అంటే ఈవిడ చీపురు తీసుకుని గేటు దాకా తరిమారు. నిజంగా రెండు తగిలాయి కూడా.

కిందటి నెల అమలాపురం వరండాలో నా పక్కన ఒక కుర్రాడు కూర్చున్నాడు. కొత్తగా తండ్రి అయినవాడు. ఒళ్లో కొత్త బూట్లు. "ఒక్క రాత్రి తీస్తే ఏమవుద్దండీ? పాపం కదండీ," అన్నాడు. అతని భార్య అవతల పిల్లకి పాలిస్తోంది. నేను అరిసెల రోజు సంగతంతా చెప్పాను, కొక్కెంతో సహా. విని, బూట్లకేసి చూసి, భార్యకేసి చూసి, కాస్త దూరం జరిగి కూర్చున్నాడు. ఇదంతా రాయాలనిపించింది అప్పుడే. పిల్ల ఏడుపు చూడలేనివాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. చూడలేకపోతే కళ్లు మూసుకోండి. పట్టీ మాత్రం విప్పకండి. మీకు జాలి ఉందని పిల్ల కాలికి తెలియదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. అత్తయ్యగారు పేరంటానికి వెళ్లారు, ఆ పూటకి బూట్లు నా వంతు. మోక్షిని నిద్రపుచ్చాలి. ఆయన కువైట్‌నుంచి వీడియో కాల్‌లో ఉన్నారు, ఫోను తలగడకి ఆనించి పెట్టాను. ఎడమ బూటు వేశాను. కుడిది వేయడానికి వంగాను. దానికి నిద్ర వద్దు, నాన్నతో కబుర్లు చెప్పాలి. "నేను పడుకోను" అంది. "పడుకోవాలి" అన్నాను. కుడి కాలు ముడిచి, గురి చూసి, ఉత్త కాలితో నా మూతి మీద తన్నింది.

కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. వెనక్కి పడ్డాను. పెదవి చిట్లింది. పై పన్ను ఒకటి కదిలింది. నోట్లో ఉప్పగా రక్తం. నేల మీద కూర్చుని చేత్తో మూతి పట్టుకున్నాను.

ఫోనులోంచి ఆయన, "సుజా, దెబ్బ తగిలిందా? ఏమైంది, మాట్లాడవేంటి?" అంటున్నారు.

"తన్నిందండి," అన్నాను.

"బూటుతోనా?"

"కాదండి. ఉత్త కాలితో."

"ఏ కాలితో?"

"కుడి కాలితో అండీ."

ఆయన మొహం తెరకి బాగా దగ్గరగా వచ్చింది. నుదుటి మీది మచ్చ ఒక్కటే కనబడుతోంది.

"మడమతోనా?" అన్నారు.

"మడమతోనేనండి. పన్ను కదిలిపోయింది."

ఆయన ఏడుస్తున్నారని గొంతు చెప్పింది. "సుజా, నీకు పుణ్యముంటుంది. ఇంకోసారి తన్నమను. నేను చూస్తాను," అన్నారు.

నేను ఫోను సరిగ్గా కనబడేలా జరిపి, రక్తం తుడుచుకుని, మంచం దగ్గరికి వెళ్లి మొహం ముందుకి పెట్టాను.